రేకు పెట్టెలోని నాలుగు కాగితములు: భూమి లెక్కలు, అక్షర సంకేతములు

నల్లగొండ, పాలమూరు జిల్లాలలో కొద్దిపాటి భూమి కలిగిన ఇండ్లలో కూడ సాధారణముగా ఒక రేకు పెట్టె ఉండును. దానిని తెరచి చూచినచో అడుగున పసుపు బారిన ఉర్దూ నకలు ఒకటి, దానిపై పట్వారీ చేతివ్రాతలో తెలుగు పహాణీ, ఆపైన తెలుగు అక్షరములను ఇంగ్లీషు అంకెలను కలిపి యంత్రము అచ్చువేసిన కాగితము, అన్నిటికంటె పైన పట్టాదారు పాసుపుస్తకము కనిపించును. ఈ నాలుగింటిలో చెప్పబడినది ఒకే చేను. ఇంటి పెద్దకు ఆ సంగతి చూడగనే తెలియును. అయితే ఈ నాలుగు కాగితములలోని మాటలను కంప్యూటరుకు ఎక్కించి, ఇవి ఒకే చేనుకు సంబంధించినవేనా అని అడిగినచో అది అవునని చెప్పవచ్చును, కాదని కూడ చెప్పవచ్చును. ఆ సమాధానము మీదనే ఒక రైతు హక్కు ఆధారపడి ఉండును.

ఎందుచేతననగా కంప్యూటరుకు అక్షరములు తెలియవు. దానికి తెలిసినవి సంఖ్యలు మాత్రమే. ఏ అక్షరమునకు ఏ సంఖ్య అని మనుష్యులు ముందుగా ఒక ఒప్పందము చేసికొనవలెను. ఈ ఒప్పందమునే అక్షర సంకేతము అందుము. ఒప్పందము ఒక్కటే అయినచో చిక్కు లేదు. కాని ఒక తరము ఒక ఒప్పందము, మరొక తరము మరొక ఒప్పందము చేసికొని, అన్నిటి కాగితములును ఒకే పట్టికలో వచ్చి కూర్చున్నప్పుడు ఏమగును? మన రెండు జిల్లాల భూమి లెక్కలకంటె ఈ ప్రశ్నకు మంచి ఉదాహరణ నాకు దొరకలేదు.

యంత్రమునకు ముందే సంకేతము

హైదరాబాదు రాజ్యమున మొదటి సాలార్‌జంగు 1865లో జిల్లాల విభజన చేసినాడు. 1884లో పారసీకమునకు బదులుగా ఉర్దూ ప్రభుత్వ భాష అయినది. 1890లో పాలమూరు పట్టణమునకు ఆరవ నిజాము మీర్ మహబూబ్ అలీఖాన్ పేరిట మహబూబ్‌నగర్ అని పేరు పెట్టినారు. చేను దున్నువాడు మాట్లాడునది తెలుగు. ఆ చేనుకు సర్వే నంబరు, విస్తీర్ణము, పట్టాదారు పేరు వ్రాసిన సేత్వారు ఉర్దూ. అనగా తెలుగు పేర్లు ఉర్దూ లిపిలోనికి మార్చబడినవి. ఇది కూడ ఒక సంకేతనమే. గుమాస్తా కలమే అప్పటి యంత్రము.

నల్లగొండ అను పేరు ఉర్దూలో ఎట్లు వ్రాయుదురో చూడుడు: నూన్, లామ్, గాఫ్, నూన్, డాల్, హే. మొత్తము 6 అక్షరములు. ఇందులో లకారము ద్విత్వమని చెప్పు గుర్తు లేదు. గకారము మీది ఒత్వము లేదు. ఊరు తెలిసినవాడు నల్లగొండ అనియే చదువును. తెలియనివాడు 'నలగండ' అని చదివినచో అతనిది తప్పు అనలేము. పట్టణమునకు ఇబ్బంది లేదు, దానిని ఎరుగనివారు లేరు. కాని మనిషి పేరు సంగతి వేరు. గుండయ్య, గండయ్య అని రెండు పేర్లు మన పల్లెలలో కలవు. ఉర్దూలో హ్రస్వమైన ఉకారమునకు సాధారణముగా గుర్తు పెట్టరు. కనుక ఈ రెండు పేర్లును కాగితముపై ఒకే రూపమున ఉండును. ఒక ఊరిలో గుండయ్య అన్న, గండయ్య తమ్ముడు అనుకొనుడు. యాభై ఏండ్ల తరువాత ఆ కాగితమును తెలుగులోనికి ఎత్తి వ్రాయువాడు ఏ పేరు వ్రాయవలెను?

నష్టము ఒక వైపే జరుగలేదు. జకారమునకు దగ్గరగా మన చెవికి వినిపించు ధ్వనులకు ఉర్దూలో జీమ్, జే, జాల్, జ్వాద్, జోయ్ అని ఐదు అక్షరములు ఉన్నవి. తెలుగులో అవన్నియు 'జ' అయిపోవును. ఒకసారి తెలుగులో వ్రాసిన తరువాత, మొదట ఉన్నది ఏ అక్షరమో తెలుగు కాగితమును మాత్రమే చూచి చెప్పుటకు వీలులేదు. ఒక సంకేతము నుండి మరొక సంకేతమునకు పోవునప్పుడు రెండు అక్షరములు ఒక అక్షరమైనచో, తిరుగు దారి మూసికొని పోవును. ఈ ఒక్క సంగతి జ్ఞాపకము పెట్టుకొన్నచో తరువాతి కథ అంతయు తేలికగా బోధపడును.

సంవత్సరములకు కూడ ఇదే గతి. భూమి హక్కుల రికార్డునకు సంబంధించిన హైదరాబాదు నిబంధనలు 1358 ఫసలీ నాటివి. దానికి 590 కలిపినచో 1948 వచ్చును. ఫసలీ అని ప్రక్కన వ్రాయనిచో 1358 అనునది వట్టి అంకె మాత్రమే.

1948 సెప్టెంబరులో హైదరాబాదు సంస్థానము భారతదేశమున కలిసినది. 1954–55లో ఖాస్రా పహాణీ తయారైనది. నేటికిని తెలంగాణలో భూమి తగవు వచ్చినప్పుడు మొదట వెదకునది దీనినే. 1956 నవంబరు 1న ఆంధ్రప్రదేశ్ ఏర్పడినది. 1966లో తెలుగును అధికార భాషగా చేయు చట్టము వచ్చినది. పహాణీ తెలుగులోనికి వచ్చినది. పాత ఉర్దూ కాగితములు మాత్రము ఎక్కడికిని పోలేదు. అవి మూల రికార్డులు గనుక పోగూడదు కూడ.

ఇక్కడ మరొక స్థానిక ఆచారము చెప్పవలెను. సర్వే నంబరు 45 అన్నదమ్ములకు పంపకమైనచో 45/అ, 45/ఆ, 45/ఇ, 45/ఈ అని విడగొట్టుట మన ప్రాంతమున అలవాటు. వీటినే ఇంగ్లీషులో వ్రాయునప్పుడు ఏ, రెండు ఏలు, ఇ, రెండు ఇలు అని వ్రాయుదురు. 45 ప్రక్కన ఇంగ్లీషు ఇ అక్షరము కనిపించినచో మన ఊరివాడు దానిని 'ఇ' అనుకొని మూడవ భాగముగా తీసికొనును. బయటి నుండి వచ్చినవాడు ఏ, బి, సి, డి, ఇ అని లెక్కపెట్టి ఐదవ భాగము అనుకొనును. మూడవ వానికి ఎకరము, ఐదవ వానికి పది గుంటలు వచ్చినచో? కచేరీలకు తిరుగు పని తప్పదు.

సంఖ్యల ఒప్పందములు

1963లో అమెరికాలో ఆస్కీ అను సంకేతము ప్రమాణముగా వెలువడినది. అందులో 0 నుండి 127 వరకు 128 సంఖ్యలు ఉన్నవి. ఇంగ్లీషు పెద్ద ఏ అక్షరమునకు 65, సున్న అను అంకెకు 48. ఇంగ్లీషుకు తప్ప ఇతర భాషలకు అందులో చోటు లేదు. ఇంగ్లీషుకైనను ఒప్పందము ఒక్కటి కాలేదు. మరుసటి సంవత్సరము, 1964లో, ఐబిఎమ్ సంస్థ ప్రకటించిన యంత్రములలో వేరొక సంకేతము వాడినారు. దానిలో అదే ఏ అక్షరము 193. కనుక సంకేతములు కలగలిసిపోవుట తెలుగువారికి మాత్రమే వచ్చిన కష్టము కాదు.

ఆ ఐబిఎమ్ సంస్థలోనే పనిచేయుచుండిన ఎడ్గర్ కాడ్ అను గణిత శాస్త్రజ్ఞుడు 1970 జూనులో ఒక వ్యాసము ప్రకటించినాడు. సమాచారము నంతయు పట్టికలుగా వ్రాయవలెననియు, ఒక పట్టికకు మరొక పట్టికకు గల సంబంధమును గళ్ళలోని విలువల సమానత్వము ద్వారానే చెప్పవలెననియు దాని సారాంశము. దీనినే రిలేషనల్ డేటాబేసు అందురు. గ్రామముల పట్టిక ఒకటి, పట్టాదారుల పట్టిక ఒకటి, సర్వే నంబర్ల పట్టిక ఒకటి. ఈ పట్టికలను ముడివేయు దారము లేదు. ఈ గడిలో 'నల్లగొండ' అని, ఆ గడిలో 'నల్లగొండ' అని ఉన్నచో రెండు వరుసలు కలియును. లేనిచో కలియవు. పట్వారీ కూడ ఒక పుస్తకము నుండి మరొక పుస్తకమునకు పోవునది ఇట్లే. కాని అతడు అక్షరము తప్పినను మనిషిని ఎరుగును. యంత్రము ఎరుగదు. అది సంఖ్యల వరుసను సంఖ్యల వరుసతో సరిచూచును, అంతే.

మన దేశమున ఆ సంఖ్యల ఒప్పందము 1980లలో రూపొందినది. కాన్పూరు ఐఐటిలో ఆరంభమైన పనిని పూనాలోని సీడాక్ సంస్థ కొనసాగించినది. 1991లో భారతీయ ప్రమాణముల సంస్థ ఇస్కీ అను సంకేతమును ఐఎస్ 13194 అను సంఖ్యతో ప్రకటించినది. దీనిలో 128 లోపు ఆస్కీనే ఉంచి, పై సగమును భారతీయ అక్షరములకు ఇచ్చినారు. క అక్షరమునకు 179. తెలుగు క అయినను, కన్నడ క అయినను, దేవనాగరి క అయినను 179 మాత్రమే. బ్రాహ్మి నుండి పుట్టిన లిపులన్నిటికి వర్ణమాల ఒక్కటే గదా అను ఆలోచన దీనికి మూలము. అందమైన ఆలోచన. ఏ లిపిలో చూపవలెనో చెప్పుటకు ముందు ఒక ప్రత్యేకమైన గుర్తు, 239 సంఖ్య, వ్రాసి దాని తరువాత లిపి పేరు చెప్పవలెను.

ఈ గుర్తు పుస్తకమునకు బాగుగనే పనిచేయును. పట్టికకు సరిపడదు. మక్తల్, నారాయణపేట వైపు కన్నడము మాట్లాడు ఊళ్ళు ఉన్నవి. తెలుగు పేరు, కన్నడ పేరు ప్రక్క ప్రక్క గళ్ళలో ఉన్నవనుకొనుడు. లిపి మార్పు గుర్తు వరుస మొదట ఒక్కసారే వ్రాసి, తరువాత మధ్య గడిని మాత్రము తీసి వేరొక పట్టికలో పెట్టినచో గుర్తు వెనుకనే ఉండిపోవును. ముందు గడి సంగతి తెలిసినగాని ఈ గడిని చదువలేని సంకేతము రిలేషనల్ పద్ధతికి పనికిరాదు. పైగా ఇస్కీలో ఉర్దూకు చోటే లేదు. పారసీక, అరబ్బీ లిపుల కొరకు వేరు సంకేతము కావలసి వచ్చినది. రేకు పెట్టెలో అన్నిటికంటె అడుగున ఉన్న కాగితము బయటనే ఉండిపోయినది.

సరిగా ఈ కాలముననే భూమి రికార్డులు కంప్యూటరు ముందుకు వచ్చినవి. 1988–89లో కేంద్ర ప్రభుత్వము దేశమున 8 జిల్లాలను ఎన్నుకొని భూమి రికార్డులను కంప్యూటరులో ఎక్కించు పథకమును ఆరంభించినది. ఆంధ్రప్రదేశ్ నుండి ఎన్నిక అయినది రంగారెడ్డి జిల్లా. అది అటు నల్లగొండకును, ఇటు మహబూబ్‌నగరుకును పొరుగు. 1998లో రిజిస్ట్రేషను కార్యాలయములలో కార్డు అను పేరుతో కంప్యూటర్లు వచ్చినవి. ఇకమీదట రికార్డు అనగా కాగితము కాదు, సంఖ్యల వరుస.

ఫాంటుల దశకము

1990లలో బజారులో వేరొక పద్ధతి ఇస్కీని దాటిపోయినది. పత్రికలకు, అచ్చు కార్యాలయములకు కావలసినది అందమైన అక్షరము. అను, శ్రీలిపి వంటివి అట్లు వచ్చినవి. వీటిలో అక్షరమునకు సంఖ్య లేదు, అక్షరపు ముక్కకు సంఖ్య ఉన్నది. తలకట్టు ఒక సంఖ్య, గుడి ఒక సంఖ్య, కొమ్ము ఒక సంఖ్య, వత్తు ఒక సంఖ్య. ఆ సంఖ్యలు కూడ ఇంగ్లీషు అక్షరములవియు, ఐరోపా భాషల గుర్తులవియునే. తెలుగు ఫాంటు ఉన్నంతవరకు తెలుగు కనిపించును. ఫాంటు తీసివేసినచో అర్థములేని ఇంగ్లీషు అక్షరముల గుంపు మిగులును. ఒక సంస్థ ఫాంటులోని సంఖ్య మరొక సంస్థ ఫాంటుకు పనికిరాదు.

దీనిని తప్పుపట్టుట సులభము. కాని ఆనాడు పని జరిగినది దీనివలననే అని ఒప్పుకొనవలెను. అచ్చులో పేరు చక్కగా పడినది. రైతు చేతికి కాగితము అందినది. చిక్కు వచ్చినది వెదకునప్పుడు. ముక్కల సంఖ్యలతో వ్రాసిన పేర్లను అకారాది క్రమమున పెట్టుమన్నచో యంత్రము ముక్కల క్రమమున పెట్టును. గుండయ్య తరువాత గోపయ్య రావలెనని దానికి తెలియదు. అటువంటి గడి చూచువారికి తెలుగు, యంత్రమునకు ఇంగ్లీషు. ఇది తెలుగు గడి అని ఎక్కడను వ్రాసి ఉండదు. ఏ ఫాంటుతో వ్రాసినారో అసలే ఉండదు. అట్టి పట్టికను కొన్ని ఏండ్ల తరువాత తెరచినవానికి, నిఘంటువు పోయిన భాష చేతికి వచ్చినట్లగును.

యూనికోడు వచ్చిన తరువాత

ఇస్కీ ప్రమాణము వెలువడిన 1991లోనే యూనికోడు మొదటి సంపుటము కూడ వెలువడినది. ప్రపంచములోని ప్రతి లిపికి వేరు వేరు సంఖ్యలు ఇవ్వవలెనని దాని సంకల్పము. తెలుగునకు 3072 నుండి 3199 వరకు 128 స్థానములు వచ్చినవి. ఇస్కీలోని వరుసనే ఆధారముగా తీసికొన్నారు గనుక భారతీయ లిపులు సరిసమానమైన దూరములలో ఉన్నవి: దేవనాగరి క 2325, తెలుగు క 3093, తేడా 768. ఇతర అక్షరములకును ఇంతే తేడా. ఉర్దూ కూడ అదే పెద్ద పట్టికలో ఉన్నది. రేకు పెట్టెలోని నాలుగు కాగితములు మొదటిసారి ఒకే ఒప్పందము క్రిందికి రాగలిగినవి.

అంత పెద్ద సంఖ్యలు ఒక బైటులో పట్టవు. 1992లో కెన్ థాంప్సన్, రాబ్ పైక్ అను ఇద్దరు యుటిఎఫ్-8 అను పద్ధతిని కల్పించినారు. ఇందులో ఆస్కీ అక్షరమునకు 1 బైటు, ఉర్దూ అక్షరమునకు 2, తెలుగు అక్షరమునకు 3. నల్లగొండ అను మాటలో యూనికోడు లెక్కన 8 సంకేతములు: న, ల, పొల్లు, ల, గ, ఒత్వము, సున్న, డ. ఇస్కీలో అది 8 బైట్లు. ఇంగ్లీషులో వ్రాసినను 8 అక్షరములే, 8 బైట్లే. యుటిఎఫ్-8లో 24 బైట్లు. పాత పట్టికలో ఊరి పేరునకు 20 బైట్ల గడి కేటాయించి ఉన్నచో ఇంగ్లీషు పేరు, ఇస్కీ పేరు హాయిగా పట్టును. కొత్త సంకేతములో 'నల్లగొ' వరకు పట్టి, సున్నలోని మూడు బైట్లలో రెండు లోపలికి వచ్చి, మూడవది గుమ్మము బయట ఆగిపోవును. ఆ మిగిలిన రెండు బైట్లు ఏ అక్షరమును కాదు.

ఇప్పుడు అసలు విషయమునకు వచ్చినాము. పాత పట్టికలు ఒక సంకేతములో, కొత్త పట్టికలు ఒక సంకేతములో ఉన్నవి. అన్నియు ఒకే డేటాబేసులో ఉండవలెను. ఇట్లు ఉండవచ్చునా? ఉండవచ్చును. 1992 నాటి ఎస్‌క్యుఎల్ ప్రమాణముననే ఒక్కొక్క గడికి ఒక్కొక్క సంకేతము చెప్పు వీలు కల్పించినారు. విరివిగా వాడబడు మైఎస్‌క్యుఎల్ అను డేటాబేసులో 2004లో వచ్చిన 4.1 సంపుటము నుండి ఈ సదుపాయము కలదు. పోస్ట్‌గ్రెస్ అను మరొక డేటాబేసులో డేటాబేసు అంతటికి సంకేతము ఒక్కటే. ప్రతి గడికి దాని సంకేతము పేరు చెప్పినచో, రెండు గళ్ళను పోల్చునప్పుడు యంత్రము ముందుగా రెంటిని ఒకే సంకేతములోనికి మార్చి పోల్చగలదు. పోలిక నియమములు పొత్తు కుదరనప్పుడు మైఎస్‌క్యుఎల్ పని ఆపి పొరపాటు ఉన్నదని చెప్పును. ప్రోగ్రాము వ్రాయువారు దీనిని విసుగుకొందురు. నా మట్టుకు నేను దీనిని మంచి గుమాస్తా లక్షణము అందును. తెలియని చోట ఊహించి వ్రాయువానికంటె, తెలియలేదని కాగితము వెనుకకు పంపువాడు మేలు.

హాని జరుగునది గడి మీది చీటీ ఒకటి, లోపలి సరుకు మరొకటి అయినప్పుడు. ఐరోపా అక్షరములని చీటీ ఉన్న గడిలో తెలుగు యుటిఎఫ్-8 బైట్లు పోసినారనుకొనుడు. ఇది ప్రపంచమంతట జరిగిన పొరపాటే. క అక్షరము బైట్లు 224, 176, 149. విండోస్ యంత్రములలో పశ్చిమ ఐరోపా భాషలకు వాడిన 1252 అను పట్టికలో 224 అనగా తలపై వాలుగీత గల ఇంగ్లీషు చిన్న ఏ. 176 అనగా డిగ్రీ గుర్తు. తెలుగు పేరు ఉండవలసిన చోట ఈ ఏలు, డిగ్రీ గుర్తులు బారులు తీరి కనిపించుట చదువరులలో చాలమంది చూచియే ఉందురు. దానిని చూచి సమాచారము చెడిపోయినదని భయపడుదురు. చెడిపోలేదు. బైట్లు అట్లే ఉన్నవి. చదువు పద్ధతి మాత్రమే తప్పు. చీటీ మార్చినచో తెలుగు తిరిగి వచ్చును.

కాని ఆ స్థితిలో ఎవరైన 'సరిచేయుదము' అని గడిని మరల మార్పించినచో అసలు ప్రమాదము అప్పుడు. ఆ 1252 పట్టికలో 129, 141, 143, 144, 157 అను ఐదు సంఖ్యలకు అక్షరమే లేదు. తెలుగు పొల్లునకు యుటిఎఫ్-8 బైట్లు 224, 177, 141. చివరిది ఆ ఐదింటిలో ఒకటి. కొన్ని మార్పిడి సాధనములు అక్షరము లేని సంఖ్య కనిపించగనే దాని స్థానమున ప్రశ్నార్థకము పెట్టి ముందుకు సాగును. ప్రశ్నార్థకము సంఖ్య 63. అది ఒకసారి పడినచో క్రింద ఏమి ఉండెనో ఎవరును చెప్పలేరు. తెలుగులో పొల్లు లేక వత్తు లేదు. నల్లగొండలో వత్తు ఉన్నది, గుండయ్యలో వత్తు ఉన్నది, లక్ష్మమ్మలో మూడు ఉన్నవి. ఉర్దూ గుమాస్తా కలము ద్విత్వమును వదలివేసినట్లే ఈ యంత్రమును వదలివేయును. గుమాస్తాకు ఊరు తెలియును గనుక చదువునప్పుడు నింపుకొనెను, యంత్రము నింపుకొనలేదు. తేడా అంత మాత్రమే. తప్పుగా చదువుటకు మందు ఉన్నది. తప్పుగా వ్రాయుటకు మందు పాత నకలు ఒక్కటే.

కనిపించని అక్షరము

అన్నియు యూనికోడులోనికి తెచ్చినాము, ఇక బెంగ లేదు అనుకొనుటకు కూడ వీలులేదు. నల్లగొండ వైపు సైదులు అను పేరు విస్తారముగా ఉన్నది. జానుపహాడు దర్గా మీది భక్తితో హిందువులు, ముస్లిములు కూడ పిల్లలకు ఈ పేరు పెట్టుదురు. ఇందులోని ఐత్వమును యూనికోడులో రెండు విధములుగా వ్రాయవచ్చును: 3144 అను ఒకే సంకేతముతో, లేక ఎత్వమునకు 3142, దాని క్రింది గుర్తునకు 3158 అని రెండు సంకేతములతో. కంటికి రెండును ఒకటే. ఈ రెండును సమానమే అని యూనికోడు ప్రమాణమే చెప్పినది. పట్టికలో పెట్టుటకు ముందు అన్నిటిని ఒకే రూపమునకు తెచ్చు నియమము కూడ ఇచ్చినది. ఆ నియమమును అమలు జరుపక బైట్లను బైట్లతో పోల్చు పట్టికలో మాత్రము ఒక సైదులు ఇద్దరు సైదులు అగుదురు.

మహబూబ్‌నగర్ పేరు ఇంతకంటె చమత్కారమైనది. బకారము తరువాత పొల్లు, దాని తరువాత నకారము ఉన్నవి. ఊరక వ్రాసినచో నకారము వత్తుగా మారి బకారము క్రిందికి పోవును. పోకుండ ఆపుటకు ఇస్కీలో పొల్లును రెండుసార్లు వ్రాయుదురు. యూనికోడులో పొల్లు తరువాత 8204 సంఖ్య గల ఒక గుర్తు వ్రాయుదురు. ఆ గుర్తునకు వెడల్పు సున్న. అది కంటికి కనిపించదు. ప్రక్క అక్షరములను విడదీయుటయే దాని పని. కనిపించకపోయినను యుటిఎఫ్-8లో మూడు బైట్లు తినును. మాట చివరి 'ర్' తరువాత ఏ అక్షరమును లేదు గనుక అక్కడ ఈ గుర్తుతో పని లేదు. అయినను అలవాటు కొద్ది అక్కడ కూడ దానిని వ్రాయువారు ఉన్నారు. అప్పుడు రెండు మహబూబ్‌నగర్లు తయారగును. కాగితముపై, తెర మీద వాటికి వెంట్రుకవాసి తేడా లేదు. బైట్ల లెక్కలో ఒకటి 33, మరొకటి 36. ఐత్వమును ఒకే రూపమునకు తెచ్చు నియమము ఈ గుర్తును ముట్టుకొనదు. యూనికోడు వర్ణక్రమ నియమము ప్రకారము పోల్చు గడిలో మాత్రము ఈ గుర్తు లెక్కకు రాదు గనుక రెండును సమానమగును. కనుక ఒకే డేటాబేసులో ఒక పట్టికను అడిగినచో ఇది ఒక ఊరు, మరొక పట్టికను అడిగినచో రెండు ఊళ్ళు.

తెలంగాణ ఏర్పడిన తరువాత 2016 అక్టోబరు 11న నల్లగొండ జిల్లా నుండి సూర్యాపేట, యాదాద్రి భువనగిరి, మహబూబ్‌నగర్ జిల్లా నుండి నాగర్‌కర్నూలు, వనపర్తి, జోగులాంబ గద్వాల విడిపోయినవి. 2019లో నారాయణపేట విడిపోయినది. 2017లో భూ రికార్డుల ప్రక్షాళన జరిగినది, 2020 అక్టోబరు 29న ధరణి, 2025 ఏప్రిల్ 14న భూ భారతి వచ్చినవి. ఊరు కదలలేదు, చేను కదలలేదు. జిల్లా పేరు మారినది. పేరునే కీలకముగా పెట్టుకొన్న పట్టికకు ఇంత మార్పు భరించుట కష్టము. అందుచేతనే జనాభా లెక్కలవారు గ్రామమునకు పేరుతో పాటు ఒక కోడు సంఖ్య ఇత్తురు. అంకెలు 48 నుండి 57 వరకు గల ఆస్కీ సంఖ్యలు. ఇస్కీలోను, యుటిఎఫ్-8లోను అవియే. సంబంధమును ఆ సంఖ్యతో ముడివేసి, పేరును మాత్రము ఉర్దూలో ఉన్నది ఉర్దూలో, తెలుగులో ఉన్నది తెలుగులో, ఇంగ్లీషులో ఉన్నది ఇంగ్లీషులో వేరు వేరు గళ్ళలో ఉంచినచో, గుండయ్య గండయ్య అయిన నాడు మూలము చూచుకొను అవకాశము ఉండును. ఒకదానిని మరొకదానిలోనికి మార్చి మొదటిదానిని తుడిచివేయుట మాత్రము తగదు.

యూనికోడువారు పాత లెక్కలను మరచిపోలేదు. ధాన్యము కొలతకు వాడిన తూము అను గుర్తునకు 2008లో 3199 అను సంఖ్య ఇచ్చినారు. అది తెలుగునకు కేటాయించిన గళ్ళలో చివరిది. పారసీక సంప్రదాయపు లెక్కలలో వాడిన సియాఖ్ అంకెలకు 2018లో స్థానము దొరికినది. అయితే ఆ స్థానము 65,535 దాటిన దూరములో ఉన్నది గనుక ఒక్కొక్క అంకెకు యుటిఎఫ్-8లో 4 బైట్లు కావలెను. మైఎస్‌క్యుఎల్‌లో యుటిఎఫ్-8 అని పేరు పెట్టిన మొదటి గడిలో అక్షరమునకు 3 బైట్లకు మించి పట్టవు. 4 బైట్ల గడి 2010లో వేరొక పేరుతో వచ్చినది. పేరు ఒకటే కదా అని పాత గడిలో ఆ అంకెలు పోసినచో పట్టవు.

చదువరులు ఒక ప్రయోగము స్వయముగా చేసి చూడవచ్చును. ఫోనులోనో కంప్యూటరులోనో మహబూబ్‌నగర్ అని ఒకసారి మీరు వ్రాయుడు, మరొకసారి ఇంటిలో ఇంకొకరిచేత వ్రాయించుడు. ఏదేని వార్తాపత్రిక వెబ్‌సైటు నుండి మూడవ దానిని ఎత్తి ప్రక్కన పెట్టుడు. తరువాత సంకేతములు లెక్కపెట్టు ఏ చిన్న ప్రోగ్రాముతోనైన లెక్కించుడు. మా కళాశాలలో రెండవ సంవత్సరము విద్యార్థులచేత నేను ఈ పని చేయించినాను. ఒకే బల్ల మీద కూర్చున్న ముగ్గురికి 10, 11, 12 వచ్చినవి. ముగ్గురిదియు అదే ఊరు.